కుక్కపిల్ల లివర్‌లో షంట్ ఉందని తేలితే ఏం చేయాలి: ఆపరేషన్‌కి ముందూ తర్వాతా

మా షిట్జు పిల్లకి ఏడో నెల నడుస్తుండగా ఒక ఆదివారం ఇంట్లో రొయ్యల ఇగురు వండితే దానికీ అన్నంలో కలిపి పెట్టాం. గంటన్నర పోయాక చూస్తే వెనకగదిలో బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య ఉన్న మూలలో నిలబడి, నుదురు గోడకి ఆనించి నెడుతోంది. పిలిస్తే తిరగదు. చొంగ దారంలా నేలదాకా సాగింది. పక్కింటి పిన్నిగారు చూసి "ఎండదెబ్బ తగిలుంటుంది నాయనా, కాస్త మజ్జిగ పట్టించు" అన్నారు, నేనూ అదే అనుకున్నాను, సాయంత్రానికి మామూలుగా తోక ఊపుకుంటూ వచ్చేసింది కాబట్టి మర్చిపోయాను కూడా. పై ఆదివారం చికెన్ పెట్టాం. మళ్ళీ అదే మూల, అదే నిలబడటం.

ముందు నులిపురుగులన్నారు, తర్వాత ఫిట్స్ అన్నారు, అసలు సంగతి తేలేసరికి మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలలు మీకు పోకూడదని ఇది రాస్తున్నాను. ఇంకోటి కూడా ముందే చెప్పేస్తాను. ఈ జబ్బులో అందరి టెన్షనూ ఆపరేషన్ రోజు మీదే ఉంటుంది గానీ, కుక్క బతకడం చాలావరకు ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు మీరు ఇంట్లో ఎలా చూశారు, తర్వాత నాలుగు రోజులు ఎవరు ఎంత దగ్గరగా కనిపెట్టుకుని ఉన్నారు అన్నదాని మీద ఉంటుంది.

జబ్బేమిటో మన డెల్టావాళ్ళకి చెప్పడం తేలిక. కడుపు, పేగులు, ప్లీహం నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ వెయిన్ అనే పెద్ద సిరలోంచి ముందు లివర్‌కి చేరాలి. ఆ సిరని కాలువ అనుకోండి, లివర్‌ని చేను అనుకోండి. నీరు బోదెల్లోంచి చేలోకి పారి, చేను తడిశాక మురుగు కాలువలోకి దిగాలి కదా. చేను చేరకముందే కాలువగట్టుకి గండి పడి నీళ్ళు నేరుగా మురుగు కాలువలో కలిసిపోతే ఎలా ఉంటుందో, షంట్ అంటే అదే. చేను ఎండుతుంది, అంటే లివర్ ఎదగదు, పిల్ల కూడా ఎదగదు. ఇక మాంసకృత్తులు అరిగినప్పుడు పేగుల్లో పుట్టే అమ్మోనియా లాంటి విషాలు లివర్‌లో వడకట్టుకోకుండా తిన్నగా మెదడుకి చేరతాయి. మాంసం తిన్న గంటకో రెండు గంటలకో మత్తుగా తూలడం, గుండ్రంగా తిరగడం, కాసేపు చూపు ఆనకపోవడం, ఫిట్స్ రావడం అన్నీ దానివల్లే.

ఇది పుట్టుకతో వచ్చే లోపం. తల్లి కడుపులో ఉన్నప్పుడు లివర్‌ని దాటించే ఒక నాళం అన్ని పిల్లలకీ ఉంటుంది, పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోవాలి. అలా మూసుకోకపోతే షంట్ లివర్ లోపలే ఉంటుంది, దీన్ని ఇంట్రాహెపాటిక్ అంటారు, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. షిట్జు, పగ్, మాల్టీస్, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి చిన్న జాతుల్లో మామూలుగా లివర్ బయట వేరే నాళం ఏర్పడుతుంది, దాన్ని ఎక్స్‌ట్రాహెపాటిక్ అంటారు. మీ డాక్టరుగారి నోట ఈ రెండు మాటల్లో ఏది వచ్చిందో గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆపరేషన్ పద్ధతి, ఖర్చు, ప్రమాదం అన్నీ దాన్ని బట్టే మారతాయి.

సరే, ఇప్పుడు చేయాల్సిన పనులు.

అన్నిటికంటే ముందు ఫోన్‌లో వీడియో తీయండి. క్లినిక్‌కి తీసుకెళ్ళేసరికి కుక్క మామూలుగా అయిపోతుంది, డాక్టరుగారికి చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఏం తిన్నది, ఎన్ని గంటలకి తిన్నది, ఎన్ని గంటలకి తేడా చేసింది, ఎంతసేపటికి తేరుకుంది రాయండి. నాలుగు సార్లు రాసేసరికి తిండికీ దీనికీ ఉన్న లంకె మీకే కనిపిస్తుంది. తోడబుట్టిన పిల్లల కంటే మరీ చిన్నగా ఉండటం, నీళ్ళు ఎక్కువ తాగడం, మూత్రం కష్టంగా పోయడం లేదా అందులో రక్తం కనపడటం, ఏదైనా మత్తు ఇస్తే చాలాసేపు లేవకపోవడం కూడా రాసుకోండి. మూత్రం సంగతి చాలామంది వదిలేస్తారు, కానీ ఈ కుక్కలకి మూత్రాశయంలో అమ్మోనియం యూరేట్ రాళ్ళు పడతాయి, మామూలు ఎక్స్‌రేలో అవి తరచూ కనపడవు కూడా.

తర్వాత, మన ప్రాంతంలో ఇలాగే కనిపించే మిగతా జబ్బులు కావని తేల్చుకోవాలి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులో ఫిట్స్ వస్తాయి, పిడుదుల జ్వరంలో నీరసం, రక్తం తగ్గడం ఉంటాయి, కొంకి పురుగులుంటే పిల్ల ఎదగదు, చేలో కొట్టిన మందు నాకితే చొంగ కారుస్తూ వణుకుతుంది. కాబట్టి మొదట నులిపురుగుల మందు ఇచ్చారనో, పిడుదుల జ్వరానికి పరీక్ష చేశారనో డాక్టరుగారిని తప్పుపట్టకండి, అది సరైన పనే. తప్పెక్కడంటే, వాటికి మందులు వాడినా తగ్గనప్పుడు మళ్ళీ అవే వాడుతూ కూర్చోవడం.

రక్త పరీక్షల్లో యూరియా, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తి), కొలెస్ట్రాల్, షుగర్ తక్కువగా ఉండి, ఎర్ర కణాలు మామూలు కంటే చిన్నవిగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అసలు అడగాల్సింది బైల్ యాసిడ్స్ (పిత్త ఆమ్లాలు) పరీక్ష. రాత్రి తిండి పెట్టాక పన్నెండు గంటలు ఆగి ఒకసారి, కొంచెం తిండి పెట్టి రెండు గంటలకి ఇంకోసారి రక్తం తీస్తారు. తిన్న తర్వాత తీసినది మామూలు కుక్కలో లీటరుకి 25 మైక్రోమోల్స్ లోపు ఉంటుంది, షంట్ ఉన్నవాటిలో తరచూ 100 దాటిపోతుంది. మాల్టీస్ జాతిలో మాత్రం ఏ జబ్బూ లేకుండానే ఎక్కువ చూపించవచ్చు. పిల్ల మరీ చిన్నదైతే పన్నెండు గంటలు పస్తు పెట్టే ముందు డాక్టరుగారిని అడగండి, షుగర్ పడిపోతుంది. అమ్మోనియా పరీక్ష కూడా మంచిదేగానీ, రక్తం తీయగానే ఐసులో పెట్టి అరగంటలోపు మిషన్‌లో పెట్టాలి. అమలాపురంలోనో పాలకొల్లులోనో తీసి కొరియర్లో పంపిస్తే వచ్చే అంకెకి విలువ ఉండదు. మనలాంటి ఊళ్ళవాళ్ళకి బైల్ యాసిడ్సే నమ్మకం.

అనుమానం బలపడ్డాక ఆపరేషన్‌కి పరుగెత్తకండి. కుక్కని ముందు సిద్ధం చేయాలి, దీనికి నాలుగు వారాలైనా పెట్టుకోండి. మన చేతిలో పూర్తిగా ఉన్న పని ఇదొక్కటే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

ముఖ్యమైన మందు లాక్టులోజ్ సిరప్, మనుషులకి మలబద్ధకానికి ఇచ్చేదే. ఇది పేగుల్లో అమ్మోనియాని రక్తంలోకి పోకుండా పట్టి ఉంచి విరేచనంతో పాటు బయటికి పంపేస్తుంది. కిలో బరువుకి సుమారు అర మిల్లీలీటరు చొప్పున రోజుకి రెండు మూడుసార్లు అని మొదలుపెడతారు, కానీ అసలు కొలత సీసా మీద ఉండదు, మలంలో ఉంటుంది. రోజుకి రెండు మూడుసార్లు, మెత్తగా, పెరుగన్నం ముద్దలా జారుడుగా ఉండాలి. గట్టిగా వస్తే మందు చాల్లేదు, నీళ్ళలా వస్తే ఎక్కువైంది. డాక్టరుగారికి రోజూ ఇదే చెప్పండి, ఆయన తగ్గించడమో పెంచడమో చేస్తారు. సూది తీసేసిన సిరంజితో చెంప పక్కనుంచి మెల్లగా పట్టించండి, సిరప్ చిక్కగా తేనెలా ఉంటుంది, మూతి చుట్టూ ఉన్న జుట్టుకి అంటుకుని చీమలు పడతాయి కాబట్టి వెంటనే తడిగుడ్డతో తుడవండి. కొనే ముందు సీసా మీద జైలిటాల్ అని ఉందేమో చూడండి, అది కుక్కలకి విషం.

రెండోది మెట్రోనిడజోల్ లేదా అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్, పేగుల్లో అమ్మోనియా తయారుచేసే బాక్టీరియాని తగ్గించడానికి. మెట్రోనిడజోల్ మోతాదు ఈ కుక్కలకి మామూలు కంటే తక్కువ ఉండాలి, లివర్ దాన్ని సరిగా వదిలించుకోలేదు. ఫిట్స్ వచ్చినవాటికి లెవెటిరాసెటామ్ అనే మాత్ర ఎనిమిది గంటలకోసారి ఇస్తారు, అర్ధరాత్రి మోతాదుకి అలారం పెట్టుకోవాల్సిందే. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు ఏవీ వద్దు. ఫిట్స్‌కి ఇంట్లో ఉన్న మత్తు మాత్రలూ వద్దు.

ఇక తిండి. మన ఇళ్ళలో కుక్కకి ప్రేమ ఎలా చూపిస్తామో మీకు తెలుసు, పులస సీజన్లో ముల్లు తీసిన ముక్క, రొయ్యల తలకాయలు, చికెన్ కొట్లో ఇచ్చిన పేగులు, లివరు, పెళ్ళిలో మిగిలిన మాంసం. అవన్నీ ఆపేయండి. ఎండుచేప అసలు చూపించకండి, మాంసకృత్తులతో పాటు ఉప్పు కూడా. అలాగని ఉత్త అన్నం మీద పెంచకండి, ఎదిగే పిల్లకి మాంసకృత్తులు కావాలి, అయితే అవి మాంసం నుంచి కాకుండా పాలు, గుడ్డు, సోయా నుంచి వస్తే ఈ కుక్కలు బాగా తట్టుకుంటాయి. మెత్తగా వండిన అన్నంలో పెరుగు లేదా పనీరు, కొంచెం ఉడికించిన గుడ్డు, ఉప్పు లేకుండా, ఉల్లిపాయ లేకుండా, రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెం. ఎంత గుడ్డు, ఎంత పనీరు అన్నది బరువు చూసి డాక్టరుగారే చెప్పాలి, విటమిన్లూ ఖనిజాలూ కలపాలి కూడా. లివర్ జబ్బుకని ప్యాకెట్లలో వచ్చే తిండి దొరికి, భరించగలిగితే అదే సులువు. మా ఇంట్లో కష్టమైంది కుక్కతో కాదు, వచ్చే చుట్టాలతో. "ఒక్క ముక్కకి ఏమవుతుందిరా" అని టేబుల్ కిందకి జారవిడిచేవారు. ఒక్క ముక్కకే అవుతుంది, నేను చూశాను. చివరికి వంటింటి తలుపు మీద కాగితం అతికించాను.

సరిగ్గా చేస్తే రెండు మూడు వారాల్లో మీ కళ్ళముందే మారుతుంది. మూలలో నిలబడటం పోయి, పిలిస్తే చెవులు లేపి చూస్తుంది. అలా కుదుటపడ్డ కుక్కకి మత్తు ఇవ్వడం వేరు, విషం తలకెక్కి ఉన్న కుక్కకి ఇవ్వడం వేరు.

బాగానే ఉంది కదా, ఇక ఆపరేషన్ ఎందుకు అని ఇక్కడే చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. మందులు విషాన్ని తగ్గిస్తాయంతే, గండి అలాగే ఉంటుంది, చేను ఎండుతూనే ఉంటుంది. ఆపరేషన్ చేసినవాటినీ మందుల మీదే ఉంచినవాటినీ పోల్చి చూసినప్పుడు ఆపరేషన్ అయినవే ఎక్కువ కాలం బతికాయి. వయసు దాటిందని వదిలేయక్కర్లేదు, పెద్ద కుక్కలకీ మేలు జరుగుతుంది. లివర్ బయట ఒకే షంట్ ఉంటే పదింట ఎనిమిది దాకా బాగా కోలుకుంటాయి, లివర్ లోపల ఉంటే కష్టం ఎక్కువ. డబ్బు కుదరకపోతే మందులూ తిండితోనే జాగ్రత్తగా చూసుకోండి, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

షంట్ ఎక్కడుందో చూడటానికి మొదట రక్తం ఎటు పారుతోందో చూపించే డాప్లర్ అల్ట్రాసౌండ్ చేస్తారు, అనుభవమున్న చెయ్యి అయితే దాంతోనే దొరుకుతుంది. కచ్చితంగా బొమ్మ గీసినట్టు చూపించేది మాత్రం రంగు మందు ఎక్కించి తీసే సీటీ యాంజియో. సిర్రోసిస్ లాంటి వేరే లివర్ జబ్బు వల్ల ఒత్తిడి పెరిగి చిన్న చిన్న షంట్లు చాలా ఏర్పడతాయి, అవి కుక్కని కాపాడుకోవడానికి శరీరం చేసుకున్న దారులు, వాటిని మూయకూడదు. ఆ తేడా తేలకుండా కత్తి పెట్టనివ్వకండి.

ఎక్కడికి వెళ్ళాలి? గోదావరి జిల్లాలవాళ్ళకి దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది, రావులపాలెం నుంచి తణుకు, ఏలూరు మీదుగా హైవేలో తిన్నగా వెళ్ళిపోవచ్చు. తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్, చెన్నై వేపేరిలోనూ వెటర్నరీ కాలేజీలున్నాయి, పెద్ద నగరాల్లో ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. బయల్దేరే ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. షంట్ ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు? సీటీ మీ దగ్గరే ఉందా? ఏ పద్ధతిలో మూస్తారు, దానికి కావాల్సిన సామాను మీ దగ్గర ఉందా? రాత్రిపూట కుక్క పక్కన డాక్టర్ ఉంటారా? చివరి ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే వేరే చోటు వెతకండి, మిగతా మూడూ ఎంత బాగున్నా సరే.

రైల్లో అయితే కుక్కని మనతో ఉంచుకోవడానికి ఫస్ట్ ఏసీలో కూపే దొరకాలి, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో డబ్బాలో పెడతారు, ఈ జబ్బున్న కుక్కని అలా పంపకండి. కారే మేలు, తెల్లవారుజామున బయల్దేరండి, గ్లూకోజ్ పొడి, లాక్టులోజ్, పాత చీర ఒకటి దగ్గర పెట్టుకోండి. రోహిణి కార్తె ఎండల్లో పెట్టుకోవద్దు. లంక గ్రామాలవాళ్ళయితే వరదల నెలలు తప్పించండి, ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక కాజ్‌వే మునిగి పడవ మీద కుక్కని దాటించాల్సిన పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు ఆపరేషన్. గండిని ఒక్కసారిగా ఎందుకు పూడ్చరో తెలుసుకోవాలి. ఇన్నాళ్ళూ నీళ్ళు రాక చేలో బోదెలన్నీ పూడి ఉన్నాయి. గండిని ఒక్క పూటలో పూడ్చేసి కాలువంతా అటు తిప్పితే ఆ బోదెలు పట్టలేవు, గట్లు పొంగుతాయి. కుక్కలో అయితే పోర్టల్ ఒత్తిడి పెరిగి పేగులు నీలంగా మారతాయి, రక్త విరేచనాలై ప్రాణం పోతుంది. అందుకే చాలామంది సర్జన్లు మెల్లగా మూసుకునే పద్ధతి ఎంచుకుంటారు.

ఒకటి అమెరాయిడ్ రింగు. నాకు చూపించినది చిటికెన వేలి గోరు కంటే చిన్నది. బయట స్టీలు కట్టు, లోపల పాలలో ఉండే కేసీన్‌తో చేసిన ఉంగరం, దానికి ఒక పక్క సన్నని చీలిక. ఆ చీలికలోంచి నాళాన్ని లోపలికి జారవిడిచి చిన్న సీలతో మూస్తారు. ఒంట్లో తడి పీల్చుకుని కేసీన్ ఉబ్బుతుంది, బయట స్టీలు ఉంది కాబట్టి లోపలివైపే ఉబ్బుతుంది, చుట్టూ కండ కూడా పెరిగి కొన్ని వారాల్లో నాళం మూసుకుపోతుంది. రెండోది సెలోఫేన్ పట్టీ, నాళం చుట్టూ చుట్టి క్లిప్ వేస్తారు, దాని వల్ల వచ్చే వాపుతో వారాలు, నెలల మీద మూసుకుంటుంది. చవకేగానీ, బొకేలకి చుట్టే మెరిసే కాగితమంతా అసలు సెలోఫేన్ కాదు, ఏది వాడుతున్నారో అడగడంలో తప్పులేదు. దారంతో కట్టే పాత పద్ధతిలో ఒత్తిడి కొలుచుకుంటూ ఎంత తట్టుకుంటే అంతే బిగిస్తారు. లివర్ లోపలి షంట్‌కి కొన్నిచోట్ల మెడ సిరలోంచి సన్న గొట్టం పంపి కాయిల్స్ (నాళాన్ని మూసే సన్న తీగ చుట్టలు) పెడతారు, పొట్ట కోయక్కర్లేదు. ఈ లోపలి షంట్ ఉన్న కుక్కలకి కడుపులో పుండ్లు పడతాయి కాబట్టి కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ చాలాకాలం వాడాల్సి ఉంటుంది.

పొట్ట తెరిచినప్పుడే మూడు పనులు కలిపి చేయించుకోవచ్చేమో అడగండి. మూత్రాశయంలో రాళ్ళుంటే తీయడం, లివర్ ముక్క పరీక్షకి పంపడం, కుక్క ఆ రోజు మత్తు తట్టుకునే స్థితిలో ఉంటే పిల్లలు పుట్టకుండా చేయడం.

ఆపరేషన్ అయ్యాక మొదటి నాలుగు రోజులు ఆసుపత్రిలోనో, ఆసుపత్రికి పది నిమిషాల దూరంలోనో ఉండండి. ఊరికి రావద్దు. మొదటి రాత్రి షుగర్ పడిపోవచ్చు, ఒళ్ళు చల్లబడిపోవచ్చు, అందుకే గంట గంటకీ చూస్తారు. పొట్ట రోజురోజుకీ ఉబ్బడం, వాంతులు, రక్త విరేచనాలు, చిగుళ్ళు తెల్లబడటం, ముట్టుకుంటే అరవడం కనిపిస్తే ఒత్తిడి పెరిగినట్టే, అర్ధరాత్రయినా లేపండి. పొట్టలో కొంచెం నీరు చేరి తనంతట తనే తగ్గడమూ ఉంది, కానీ ఆ తేడా మీరు తేల్చకండి. ఇంకో భయం ఫిట్స్, అన్నీ సవ్యంగా జరిగిన కుక్కల్లోనూ కొన్నిటికి ఈ నాలుగు రోజుల్లోనే వస్తాయి. ముఖం అదరడం, గాల్లో ఈగని పట్టబోయినట్టు నోరు ఆడించడం, అర్థం లేకుండా అటూ ఇటూ తిరగడం వాటికి మొదటి గుర్తులు. మాకు మూడో రోజు తెల్లవారుజామున పెదవి ఒక పక్క అదిరింది, పరుగున తీసుకెళ్తే ఐవీలో మందు వేసి ఆపారు. ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించదలచుకోలేదు. ఫిట్ వచ్చినప్పుడు నోట్లో చెయ్యీ చెంచా పెట్టకండి, ఆగాక చిగుళ్ళకి కాస్త తేనో గ్లూకోజ్ నీళ్ళో రాసి బయల్దేరండి.

ఇంటికొచ్చాక రెండు వారాలు గెంతకుండా, అరుగులు ఎక్కకుండా చూడాలి, కుట్లు నాకకుండా మెడకి కోన్ ఉండాలి. కుట్లు పది పద్నాలుగు రోజులకి తీస్తారు. ముఖ్యమైన సంగతి, ఆపరేషన్ అయిపోయింది కదా అని మందులు, పథ్యం ఆపకండి. రింగు ఇంకా మూసుకుంటూనే ఉంది. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు అంతా మునుపటిలాగే జరగాలి. మూడో నెలలో మళ్ళీ బైల్ యాసిడ్స్ చేయించండి. కుక్క హుషారుగా ఉండి, బరువు పెరిగి, ఆల్బుమిన్ బాగుంటే బైల్ యాసిడ్స్ కొంచెం ఎక్కువున్నా కంగారు పడక్కర్లేదు, చాలావాటికి పూర్తిగా మామూలుకి రావు. పాత లక్షణాలు మళ్ళీ కనిపిస్తే మాత్రం ఇంకోసారి స్కాన్ కావాలి, షంట్ పూర్తిగా మూసుకోకపోయి ఉండొచ్చు, కొత్తవి పుట్టి ఉండొచ్చు.

అంతా బాగుందంటే మందులు ఒక్కొక్కటిగా డాక్టరుగారు చెప్పిన వరసలో తగ్గించండి. ఫిట్స్ మందు మాత్రం ఎప్పుడూ ఒక్కరోజులో ఆపకూడదు. మాంసకృత్తులు పెంచడం అన్నిటికంటే చివర, అదీ వారానికి కొంచెం చొప్పున, నోటుపుస్తకం మళ్ళీ తెరిచి. మేము నాలుగో నెలలో వేలి కొన అంత ఉడికించిన చికెన్ పెట్టి, రెండు గంటలు ఆ వెనకగదిలోనే బియ్యం డబ్బా పక్కన కూర్చున్నాను. అది తినేసి వచ్చి నా కాలి మీద తల పెట్టుకుని పడుకుంది.

మిగిలిన పని ఒకటుంది. పిల్లని ఎవరి దగ్గర తెచ్చుకున్నారో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి. చాలా జాతుల్లో ఇది వంశంలో వస్తుంది, ఆ తల్లికీ తండ్రికీ మళ్ళీ ఈత వేయించకూడదు, అదే ఈతలో పుట్టిన మిగతా పిల్లలు ఏ ఇంట్లో ఉన్నాయో వాళ్ళు కూడా ఒకసారి బైల్ యాసిడ్స్ చూపించుకోవాలి. మా పిల్ల తోడబుట్టింది రాజోలు వైపు ఒకరింట్లో ఉందని అలా ఫోన్ చేస్తేనే తెలిసింది, అదీ తిన్నాక తూలుతోందట.